బుగ్గమ్మ పోగులు

పెద్దేముల్‌కు పడమటి దిక్కున, గుట్ట వారగా ఉన్న ఆ ఊళ్లో ఎవరి కాలిలోనైనా నారుకురుపు లేచిందంటే ముందు కబురు కొండమ్మ ఇంటికి వెళ్లేది. ఆమెకు వైద్యం తెలిసి కాదు. ఆమె బుగ్గమ్మకు తోడబుట్టిన అక్క కాబట్టి.

నారు ఎండాకాలంలో లేచేది. మోకాలి కిందనో మడమ పక్కనో ముందు ఒక బొబ్బ, దాని చుట్టూ నిప్పు రాజేసినట్టు మంట. బొబ్బ చిట్లిన చోట తెల్లటి దారం ఒకటి తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. మూరెడు వచ్చాక కూడా ఇంకా వస్తూనే ఉండేది. ఓపిక లేక గట్టిగా గుంజితే లోపల తెగేది. తెగిందా, కాలు మొద్దులా వాచి చీము పట్టేది. అట్లా మంచాన పడ్డవాళ్లలో కొందరు మళ్లీ లేవలేదు.

కబురు అందగానే కొండమ్మ చేతిలో పని వదిలి వచ్చేది. రోగి భుజం పట్టుకుని ఊరి దిగుడుబావి మెట్లు దింపేది. నీటి అంచున కూర్చోబెట్టి, కురుపున్న కాలు నీళ్లలో పెట్టించి, బావి నడిమికి చూస్తూ, "చెల్లె, నీ పోగు నువ్వు తీసుకో" అనేది. కాసేపటికి దారం కొస దగ్గర నీళ్లలో పాలచుక్క వేసినట్టు తెల్లగా ఏదో విచ్చుకునేది. బుగ్గమ్మ అందుకుందని అందరూ దండం పెట్టేవాళ్లు. మంట చల్లారేది. పై మెట్ల మీద ఆడవాళ్లు బిందెలు పట్టుకుని, ఆ తంతు ముగిసేదాకా ఎదురుచూసి, తర్వాత దిగి నీళ్లు ముంచుకునేవాళ్లు.

బుగ్గమ్మ బావిలోకి వెళ్లింది రజాకార్ల గడబిడ ముదిరిన ఏడు, నలభై ఎనిమిది వానకాలంలో. కొత్తగా పెళ్లయిన పిల్ల, ఆషాఢానికి అమ్మగారింటికి వచ్చింది. దారులు బాగా లేవని వెనక్కి పంపలేదు. ఆ రోజు ఇంకా రంగు వేయించని కోరా చీర కట్టుకుని నీళ్లకు వెళ్లింది. అంతలో తుపాకులవాళ్లు బండ్లబాట పట్టి వస్తున్నారని కేక వినిపించింది. ఊరంతా కందిచేలలోకి ఉరికింది. కొండమ్మ చేనులో బోర్లా పడుకుంది. కంది మొక్కల సందుల్లోంచి ఆమెకు బావి నోరు కనిపిస్తోంది. చెల్లెలు బిందె చంకన పెట్టుకుని మెట్లు దిగిపోవడం చూసింది. లోపల మెట్ల చాటున దాక్కుంటుందనుకుంది.

వచ్చినవాళ్లు బావి పక్కనుంచే నడిచి వెళ్లారు. ఒకడు ఆగి, గట్టు మీద నిలబడి బీడీ కాల్చి, పీక పారేసి వెళ్లిపోయాడు. మెట్లు ఎవరూ దిగలేదు. అది కొండమ్మ కళ్లారా చూసింది. వాళ్ల అడుగుల చప్పుడు పోయాక, ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, బావిలో నీళ్ల మీద ఒకే ఒక చప్పుడు వినిపించింది. ఎవరో మెల్లగా బిందె ముంచినట్టు.

ఆమె పరుగెత్తి వెళ్లేసరికి నీటి అంచున మెట్టు మీద బిందె నిలబెట్టి ఉంది. అంచుదాకా నిండి ఉంది. బుగ్గమ్మ లేదు. బెస్తవాళ్లు మునిగి వెతికారు. పాతాళగరిగె వేసి అడుగంతా దేవారు. చెప్పులు లేవు, చీరపేలిక లేదు, మనిషి లేదు. వానకాలం నిండు బావి, బురద మింగేసి ఉంటుందన్నారు.

నారు అంతకుముందు కూడా ఉండేదే. కానీ ఆ తర్వాతి ఎండాకాలాల్లో అది ఊరి మీద విరుచుకుపడింది. భాగమ్మ అనే ముసలామె ఒకరోజు తన పిక్కలోంచి వస్తున్న దారాన్ని పుల్లకు చుట్టుకుంటూ, ఎండకు ఎత్తి పట్టి చాలాసేపు చూసింది. "గిది బుగ్గి కట్టిన చీర పోగే" అంది. ఆ మాట ఆ సాయంత్రానికల్లా ప్రతి గడపా తొక్కింది. చెప్పకుండా పోయిన పిల్ల, కట్టిన చీరను పోగుపోగుగా ఊరివాళ్ల కాళ్లలోంచి తిరిగి అడుగుతోందన్నారు.

కొండమ్మ మొదట నమ్మలేదు. తన పెనిమిటి బీరన్న, గొర్ల మంద వెంట కోసుల దూరం నడిచే మనిషి, నారు లేచి గొంగడి కప్పుకుని మూలుగుతుంటే చూడలేక ఒక మధ్యాహ్నం బావికి తీసుకెళ్లింది. నోటికి వచ్చిన మాట చెల్లెలితో చెప్పింది. నీళ్లలో తెల్లటి పాలు విచ్చుకున్నాయి. బీరన్న అక్కడే మెట్టుకు ఒరిగి నిద్రపోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు సందేహం లేకుండా పోయింది. సందేహం కంటే పెద్దది మరొకటి ఉంది. చెల్లెలితో మాట్లాడే వీలు దొరికింది. ఊళ్లో ఇంకెవరికీ లేని వీలు.

ఇట్లా తొమ్మిదేళ్లు గడిచాక ఒక ఎండాకాలం తాండూరు నుంచి సుమిత్రమ్మ బండి వచ్చింది.

సుమిత్రమ్మది గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. భర్త క్షయతో పోయాక ఆమె ఇంట్లో కూర్చోలేదు. నలుగురు ఆడవాళ్లను కూడగట్టుకుని సేవా సంఘం పెట్టి, స్టేషన్ దగ్గర ఒక గదిలో పుండ్లకు కట్లు కట్టించేది, మందులు ఇప్పించేది. ఆ గదికి నారు కురుపులతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ ఊరివాళ్లే కావడంతో ఆమె స్వయంగా బయలుదేరింది. వెంట సుధాకర్ అనే కాంపౌండర్ వచ్చాడు. పొడవాటి మనిషి, మాట తక్కువ.

పోగుల సంగతి ఊరివాళ్లే ఆమెకు చెప్పారు. ఆమె నవ్వలేదు. బుగ్గమ్మ ఏ ఇంటి పిల్లో, ఎట్లా ఉండేదో అడిగి తెలుసుకుంది. మర్నాడు కొండమ్మ ఒక రోగిని మెట్లు దింపుతుంటే సుమిత్రమ్మ పైమెట్టు మీద కూర్చుని ఆ తంతు మొత్తం చూసింది. నీళ్లు తెల్లబడటం చూసింది. ఆ తర్వాత బిందెలు మునగడం చూసింది.

ఆ మధ్యాహ్నం ఆమె కొండమ్మ ఇంటికి వచ్చింది. బీరన్నకు ఆ ఏడు మళ్లీ కొత్తగా నారు లేచి ఉంది. సుధాకర్ బండిలోంచి వెడల్పాటి గాజు గిన్నె తెచ్చి, కూజాలో నీళ్లు అందులో పోశాడు. సుమిత్రమ్మ బీరన్నను గిన్నెలో కాలు పెట్టమంది. నలుగురూ చూస్తూ కూర్చున్నారు. గోడ నీడ కాస్త జరిగింది. దారం కొస మెల్లగా కదిలింది. గిన్నెలో తెల్లటి పాలు విచ్చుకున్నాయి, అచ్చం బావిలో విచ్చుకున్నట్టే.

"గీ నీళ్లు నేను తాండూర్ల కాచి తెచ్చిన కొండమ్మ" అంది సుమిత్రమ్మ. "బుగ్గమ్మ బావిల ఉన్నదంటివి. మరి గీ గిన్నెల ఎవలున్నరు?"

బీరన్న కాలు లాగేసుకున్నాడు.

సుధాకర్ బావి నీళ్లు చెంబులో తెచ్చి, కొన్ని చుక్కలు అద్దం పలక మీద వేసి, చేతిలో పట్టుకున్న గుండ్రటి అద్దాన్ని ఆమెకు ఇచ్చి, ఇది భూతద్దం, ఇందులోంచి చూడమన్నాడు. భూతాలను చూపించే అద్దమని కొండమ్మ అనుకుంది. చూడనంది. మళ్లీ తనే అందుకుంది. ఇన్నేళ్లకు చెల్లెలి ముఖం కనబడుతుందేమోనని ఆమె ఆశ. కనబడింది చెల్లెలు కాదు. ఇసుక రేణువుల్లాంటి పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి.

సుమిత్రమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ దారం పోగు కాదు, పురుగు. లోపలున్నది ఆడపురుగు. నీటికోసమే అది కాలిలో మంట పెడుతుంది. మనిషి మంటకు తాళలేక కాలు నీళ్లలో పెడతాడు, అది అదనుచూసి పిల్లల్ని వదులుతుంది. కంటికి ఆనని ఆ పిల్లల్ని ఈ ఎగిరే పురుగులు మింగుతాయి. ఈ పురుగుల్ని మనం నీళ్లతో తాగుతాం. అట్లా లోపలికి పోయిన పిల్ల ఒళ్లంతా తిరిగి, ఏడాది పాటు చప్పుడు చేయకుండా పెరిగి, మళ్లీ ఎండాకాలానికి కాలిలోకి దిగి నీళ్లు అడుగుతుంది.

దయ్యం కథ కంటే ఇది భయంగా తోచింది కొండమ్మకు. దయ్యమైతే బావిలో ఉంటుంది. ఇదైతే ఆ నీళ్లు తాగిన ప్రతి మనిషి లోపలా కూర్చుని వేళ కోసం చూస్తోంది. కాలిని నీళ్లకు పంపేది అదే. తను ఎంతమంది భుజాలు పట్టుకుని ఆ మెట్లు దింపిందో ఒక్కొక్కరూ గుర్తొచ్చారు.

సుమిత్రమ్మ వెళ్లేముందు రెండు మాటలు చెప్పింది. నీళ్లు రెండు పొరల బట్టలో వడగట్టుకుని తాగాలి. బావి మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిరక పెట్టాలి. మనిషి కాలు నీటికి తగలకూడదు. రాయి, సున్నం సంఘం ఇస్తుంది. ఊరు ఒప్పుకోవాలి.

మూడోనాడే హన్మమ్మ అనే చూలాలిని ఆమె అత్త కొండమ్మ దగ్గరకు తీసుకొచ్చింది. పిల్లకు చీలమండ మీద నారు లేచింది. నొప్పికి పెదవులు కొరుక్కుంటోంది. కొండమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టి, బోకెలో చల్లటి నీళ్లు పోసి, గుడ్డ తడిపి కాలికి చుట్టింది. బావికి మాత్రం దింపనంది. ఆ గుడ్డ పిండిన నీళ్లు కూడా దూరంగా ఎండుగడ్డ మీద పారబోసింది. హన్మమ్మ అత్త నెత్తీ నోరూ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రానికి పోలీసు పటేలు నర్సప్ప వచ్చాడు. కన్నడం కలిసిన మాట అతనిది. పెద్దగా కోప్పడలేదు. చెల్లెలి నోరు నువ్వే కడితే ఆమె ఊరి మీద పడదా అని అడిగాడు. మెట్లు మూస్తే పిల్లను బతికుండగానే గోరీలో పెట్టినట్టు కాదా అన్నాడు. అతను వెళ్లాక బీరన్న, "ఊరు ఊకోదే" అన్నాడు. ఆమె పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది.

మర్నాడు ఎండ నడినెత్తి మీద ఉండగా, బావి దగ్గర ఎవరూ లేని వేళ, కొండమ్మ ఒక్కతే మెట్లు దిగింది. ఎండాకాలమైనా లోపల ఒళ్లు వణికే చలి. తాండూరు నీలిరాయి పరిచిన మెట్లు కాళ్లకు జారుడుగా తగిలాయి. నీళ్లకు కాస్త పైమెట్టు మీదే ఆగిపోయింది. ఎప్పుడూ ఆమె కూర్చునే చోటికి వెళ్లలేదు.

"బుగ్గీ" అంది. "ఇగ ఎవ్వరు దిగరు. నీకు యాడ దారి ఉంటె గాడికెళ్లి నువ్వే బయటికి రా."

రా, అంది బావి. రా. రా.

ఆ గొంతు తనదేనని ఆమెకు తెలుసు. తన గొంతును బావి తిప్పి చెప్పడం ఇన్నేళ్లుగా వింటూనే ఉంది. కానీ ఆఖరి రా మాత్రం తన గొంతు కంటే పల్చగా, తను నోరు మూశాక చాలాసేపటికి వచ్చినట్టు అనిపించింది. ఎవరు ఎవరిని రమ్మంటున్నారో తెలియలేదు. నీళ్లు కదల్లేదు. ఆమె వెనక్కి తిరగకుండా, నీళ్ల వైపే ముఖం పెట్టి, ఒక్కో మెట్టూ తడుముకుంటూ పైకి వచ్చింది. మూడు రోజులు జ్వరం పడింది. జ్వరంలో ఏమన్నదో బీరన్న ఎవరికీ చెప్పలేదు.

లేచాక తనే నర్సప్ప ఇంటికి వెళ్లింది. ముందు బావి తోడించమని అడిగింది. నా చెల్లె ఎముకలు దొరికితే తీసి దహనం చేస్తా, ఆ తర్వాత బావిని ఏం చేసినా అడ్డు చెప్పేవాళ్లు ఉండరు అంది. నర్సప్పకు ఆ మాట నచ్చింది. ఊరికీ నచ్చింది.

రెండు మోటలు కట్టారు. ఎద్దులు వారం రోజులు తిరిగాయి. నీళ్లు తగ్గేకొద్దీ పసరు పట్టిన గోడలు బయటపడ్డాయి. బురద గంపలతో పైకి చేరవేశారు. పగిలిన కుండలు, తాడు ముక్కలు, ఒక ఇత్తడి చెంబు, ఎప్పటిదో మేక పుర్రె. మనిషి ఎముక ఒక్కటీ లేదు. బుగ్గమ్మ కాళ్లకు వెండి కడియాలు ఉండేవి. వెండి బురదలో చెడిపోయేది కాదు. కొండమ్మ ప్రతి గంపనూ చేతులతో కెలికి చూసింది. కడియాలు లేవు.

అడుగున, తూర్పు గోడలో, రాతిలో ఒక నెర్రె ఉంది. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత. ఊట అక్కడినుంచే వస్తోంది. తోడకం చూడటానికి తాండూరు నుంచి వచ్చిన సుధాకర్ మోకాళ్ల మీద కూర్చుని, పొడవాటి గడ లోపలికి దూర్చాడు. తగల్లేదు. ఒక రాయి విసిరాడు. అది పడ్డ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. కొండమ్మ అతణ్ని పక్కకు జరగమని, నెర్రె దగ్గరకు ముఖం పెట్టింది. లోపలినుంచి చల్లటి గాలి వచ్చి చెంపకు తగిలింది. ఎవరో ఊపిరి విడిచినట్టుగానే ఉంది. ఆమె చాలాసేపు అట్లాగే ఉంది.

పైకి వచ్చేసరికి గట్టు మీద ఊరంతా ఉంది.

"నా చెల్లె గీడ లేదు" అంది కొండమ్మ. "గా రోజే గా సందుల కెళ్లి పోయింది. ఇన్నొద్దులు మనమే లేని మనిషిని పిలుస్తున్నం."

ఆమె ఆ మాట నమ్మి చెప్పిందా అని తర్వాత సుమిత్రమ్మ ఒకసారి అడిగింది. తెలియదంది కొండమ్మ. ఎముకలు దొరికి ఉంటే బాగుండేదని మాత్రం అంది.

ఊటను వదిలేసి మెట్లకు అడ్డంగా బండలు నిలబెట్టారు. నడుమెత్తు గోడ లేచింది. ఇనుప గిరక ఎక్కింది. ఊళ్లో సగంమంది బిందె మూతులకు వడపోత గుడ్డలు కట్టుకున్నారు. సగంమంది కట్టుకోలేదు.

మరుసటి ఎండాకాలం ఊరికి గండం వచ్చింది. సుమిత్రమ్మ ముందే చెప్పింది, పోయిన ఏడు తాగిందే ఈ ఏడు బయటికొస్తుందని. విన్నవాళ్లు మరిచిపోయారు. ఇంటికొకరికి నారు లేచింది. ఎన్నడూ రానివాళ్లకూ వచ్చింది. దారి మూసినందుకు బుగ్గమ్మ మొత్తం చీర ఒక్కసారే అడుగుతోందన్నారు. హన్మమ్మ మగడు గడ్డపార తీసుకుని గోడ కూల్చడానికి వచ్చాడు. గోడకు వీపు ఆనించి కొండమ్మ కూర్చుని ఉంది. ఆమె మోకాలి కింద కూడా పుల్లకు చుట్టిన తెల్లటి దారం వేలాడుతోంది.

"కూలగొడ్తె ముందు నేనే దిగుత బిడ్డా" అంది అతనితో. "నాకు మండినంత ఎవలకు మండుతలేదు. దిగాలని నాకూ మస్తున్నది. గా దిగాలనిపించేదే పురుగు."

అతను గడ్డపార నేలకు ఆనించి ఆమె కాలి వైపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ నెలంతా ఆమె పగళ్లు అక్కడే గడిపింది. తడిగుడ్డ ఆరిపోతే బీరన్న మళ్లీ తడిపి తెచ్చేవాడు. మిట్టమధ్యాహ్నం, గాలి కూడా కదలని వేళ, వీపు వెనక గోడ అవతల బిందె నీళ్లకు తగిలిన చప్పుడు వినిపించేది. చేంతాడు కదిలేది కాదు, గిరక తిరిగేది కాదు. ఆమె తల తిప్పేది కాదు. పుల్లకు ఆనాటి చుట్టు చుట్టుకుని, గోడకు ఇంకాస్త గట్టిగా ఆనుకునేది.

ఆ తర్వాతి ఏడు నారు లేచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టారు. దాని తర్వాతి ఏడు ముసలి భాగమ్మ ఒక్కతే. ఆమె చెలమ నీళ్లు వడగట్టకుండానే తాగేది. పైయేడు ఎవరూ లేరు. ఊళ్లో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. వర్షం ఎప్పుడు ఆగిందో గమనించనట్టే గమనించలేదు.

అరవైల్లో కొండమ్మ సేవా సంఘం బండెక్కింది. కోట్‌పల్లి వైపు, ఇటు కన్నడ సరిహద్దు దాకా, దిగుడుబావులున్న ఊళ్లకు వడపోత గుడ్డలు మోసుకుని తిరిగింది. సుధాకర్ పురుగు సంగతి చెబుదామని నోరు తెరిస్తే ఆమె ఆగమనేది. ముందు ఊరి ఆడవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "గీ బావిల ఎవలున్నరు?" అని అడిగేది. మొదట్లో సుధాకర్‌కు అది విడ్డూరంగా తోచింది. తర్వాత తోచలేదు. ఎవరూ లేరని చెప్పిన ఊరు ఒక్కటీ తగల్లేదు. ప్రతి బావిలో ఒక ఆడమనిషి ఉంది. కోడలో, విధవో, పేరు తెలియని బాటసారో. కొండమ్మ ఆ కథ ముగిసేదాకా వినేది, పేరు అడిగి తెలుసుకునేది. అప్పుడు గుడ్డల మూట విప్పేది.

కోట్‌పల్లి అవతల ఒక ఊళ్లో ఆడవాళ్లు పట్టుబట్టారు. మెట్లు మూయాలంటే లోపలున్న కనకమ్మతో నువ్వే ఒక మాట చెప్పిరా, మాకు భయం అన్నారు. కొండమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దిగి వెళ్లింది. సుధాకర్ పైమెట్టు మీదే నిలబడ్డాడు. చాలాసేపు పట్టింది. ఎండ పడుతున్న మెట్టు కాస్తా నీడలోకి వెళ్లింది. ఆమె మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చి, గట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

ఏమైందని సుధాకర్ అడిగాడు.

"ఒప్పుకున్నది" అంది కొండమ్మ. "పెద్ద మనిషి గద, జర చెవుడు. మస్తు గట్టిగ చెప్పవలసొచ్చింది."

సుధాకర్ తలూపాడు. అంతసేపూ అతను చెవులు రిక్కించుకునే ఉన్నాడు. బావిలోంచి ఒక్క మాటా పైకి రాలేదు.